హజారాలపై సాగిన హింసను తరగతిలో బోధించడం ఎలా?

నల్గొండ జిల్లాలో సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు అఫ్ఘానిస్థాన్‌లోని హజారా అనే జాతి ప్రజల గురించి ఒక పీరియడ్ కేటాయించదలచుకుంటే, నాగార్జునసాగర్ చూసిన పిల్లలకు సులువుగా అందుతుందని బామియాన్ బుద్ధ విగ్రహాలతో మొదలుపెట్టాలనిపిస్తుంది. అయితే 2001 మార్చిలో తాలిబన్లు ఆ విగ్రహాలను పేల్చివేసిన సంగతి లోకమంతా ఎరిగినదే కాని, అదే ఏడాది జనవరిలో బామియాన్ ప్రాంతంలోనే ఉన్న యకావ్‌లంగ్‌లో హజారా పురుషులను పోగుచేసి కాల్చి చంపిన సంగతి తెలిసినవారు తక్కువ కనుక, ముందు మనుషుల గురించి చెప్పడమే న్యాయం.

హజారాలు మధ్య అఫ్ఘానిస్థాన్ కొండసీమలో ఉంటారు, పారశీకంలో ఒక మాండలికమైన హజారగీ మాట్లాడతారు, వారిలో అత్యధికులు షియా శాఖకు చెందిన ముస్లింలు. షియా సంప్రదాయాన్ని పరిచయం చేయడానికి మన ఊళ్లలో మతభేదం లేకుండా జరిగే పీర్ల పండుగే చాలు. ఇమామ్ హుస్సేన్‌ను తలచుకునే ఆ ఆషూరా నాడే 2011 డిసెంబరులో కాబూల్‌లో గుమిగూడిన షియాలపై ఆత్మాహుతి దాడి జరిగిందని ఇక్కడే చెప్పాలి.

ఎక్కువ సమయం 1890ల నాటి చరిత్రకే ఇవ్వాలి. అఫ్ఘానిస్థాన్ పాలకుడైన అమీర్ అబ్దుర్ రహ్మాన్ ఖాన్ హజారాల తిరుగుబాట్లను అణచివేసి, వారి భూములను పష్తూన్లనే మరో జాతివారికి పంచి, స్త్రీపురుషులను బానిసలుగా అమ్మనిచ్చాడు. వేలాదిమంది ఇప్పటి పాకిస్థాన్‌లోని క్వెట్టాకు, ఇరాన్‌లోని మష్హద్‌కు పారిపోయారు. దొరల భూ ఆక్రమణల గురించి, వెట్టి గురించి పెద్దల నోట విన్న పిల్లలకు ఇది తొందరగా బోధపడుతుంది గాని, ముఖకవళికలను బట్టే దూరం నుంచి గుర్తుపట్టే వీలుండడం హజారాల కష్టాన్ని వేరుగా నిలబెట్టిందని కూడా వివరించాలి.

ఆ తరువాత హజారాలపై ఈమధ్యకాలంలో జరిగిన సామూహిక హత్యలను రాయడానికి నల్లబల్ల మీద తేదీ, చోటు, చేసినవారు అని మూడు గడులు గీయాలి. 1998 ఆగస్టు, మజార్-ఎ-షరీఫ్, తాలిబన్లు. 2013 జనవరి, ఫిబ్రవరి, క్వెట్టా, లష్కర్-ఎ-ఝాంగ్వీ అనే పాకిస్థానీ సున్నీ ఉగ్రవాద ముఠా. 2022 సెప్టెంబరు 30న కాబూల్‌లోని కాజ్ విద్యాకేంద్రంలో ప్రవేశపరీక్ష నమూనా రాస్తున్న హజారా ఆడపిల్లలను బలిగొన్న దాడికి బాధ్యులమని ఎవరూ ప్రకటించుకోలేదు కాబట్టి, ఊహలతో నింపకుండా ఆ మూడో గడిని ఖాళీగానే వదలాలి. ముస్లింలంతా ఇంతేనా అని ఎవరైనా అడిగితే, ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ముస్లింలేనని చెప్పి, చేసినవారి పేర్లు రాసిన ఆ మూడో గడినే మళ్లీ చూపించాలి.