మధ్యయుగ ఇస్లామిక్ ప్రపంచాన్ని మూడు పటాలుగా చదవడం ఎలా

మధ్యయుగ ఇస్లామిక్ ప్రపంచ చరిత్ర చదవడం మొదలుపెట్టినవారికి ముందుగా ఎదురయ్యేది స్పెయిన్ నుంచి సింధు దాకా ఒకే రంగు పులిమిన పటం. దానిని చూసినప్పుడు సైన్యం, సరుకు, గ్రంథం మూడూ కలిసి ఒకే వేగంతో కదిలాయనిపిస్తుంది. నిజానికి అవి వేర్వేరు దారుల్లో, వేర్వేరు కాలాల్లో నడిచాయి. అందువల్ల ఈ చరిత్రను సొంతంగా అధ్యయనం చేయదలచినవారు రాజ్యవిస్తరణకు ఒకటి, వర్తకానికి ఒకటి, విద్యకు ఒకటి చొప్పున మూడు పటాలు గీసుకొని, ఆ తర్వాతనే వాటిని ఒకదానిపై ఒకటి ఉంచి చూడాలి.

పటాలకన్నా ముందు తేదీల సంగతి తేల్చుకోండి. క్రీ.శ. 622 నుంచి లెక్కించే ఇస్లామిక్ శకమైన హిజ్రీలో సంవత్సరం పూర్తిగా చాంద్రమానం. అందులో సుమారు 354 రోజులే ఉంటాయి, లోటు పూడ్చడానికి అధికమాసం ఉండదు. కాబట్టి హిజ్రీ సంఖ్యకు 622 కలిపితే సరిపోదు. ఆ సంఖ్యను 0.97తో గుణించి, వచ్చినదానికి 622 కలపండి. హిజ్రీ 132ను ఇలా లెక్కిస్తే, ఉమయ్యద్ వంశాన్ని కూలదోసి అబ్బాసీ వంశపు ఖలీఫాలు అధికారంలోకి వచ్చిన క్రీ.శ. 750 వస్తుంది, హిజ్రీ 656ను లెక్కిస్తే మంగోలులు బాగ్దాద్‌ను నేలమట్టం చేసిన 1258 వస్తుంది. ఒక హిజ్రీ సంవత్సరం సాధారణంగా రెండు క్రీస్తుశక సంవత్సరాల్లోకి పాకుతుంది గనుక, నెల తెలియనప్పుడు హిజ్రీ 77ను 696-97 అని జంటగా రాసుకోవడమే సరైన పద్ధతి.

ఇక మొదటి పటం. 632లో ముహమ్మద్ ప్రవక్త మరణించిన తర్వాత వచ్చిన విజయాలను వరుసగా గుర్తించండి: 636లో సిరియా వైపు యర్మూక్ యుద్ధం, 642 నాటికి ఈజిప్టు, అదే ఏడాది ఇరాన్‌లో నహావంద్ యుద్ధం, 711లో ఒకవైపు స్పెయిన్, మరోవైపు సింధు. 750 నాటికి ఈ వేగం దాదాపు ఆగిపోయిందనీ, తర్వాతి పెద్ద కెరటం 11వ శతాబ్దంలో తురుష్కుల ద్వారా వచ్చిందనీ పటంలోనే కనిపించాలి. అయితే గీత గీసినంత మాత్రాన పని పూర్తి కాదు. పాలన మారిన తేదీ, దఫ్తరు భాష మారిన తేదీ, జనం మతం మారిన కాలం అనే మూడింటినీ ప్రతి ప్రాంతానికీ విడివిడిగా నమోదు చేయండి. ఈజిప్టు అరబ్బుల చేతిలోకి వచ్చాక కూడా ఆరు దశాబ్దాలకు పైగా అక్కడి లెక్కలు ప్రధానంగా గ్రీకు భాషలోనే సాగాయి. జనం మతం మారడానికి తరాలు పట్టింది. ముస్లిమేతరులు చెల్లించే జిజియా తగ్గిపోతుందన్న బెంగతో కొందరు ఉమయ్యద్ అధికారులు మతం మారినవారి నుంచి కూడా ఆ పన్ను వసూలు చేయగా, 717-720 మధ్య ఖలీఫాగా ఉన్న రెండవ ఉమర్ దానిని ఆపించడానికి ప్రయత్నించాడు. ఇరాన్‌లో మతం మారింది, లిపి మారింది, కానీ పారశీక భాష నిలిచి, 10వ శతాబ్దానికి కొత్త సాహిత్యంతో ముందుకు వచ్చింది. కత్తితో అంతా ఒక్కసారిగా మారిపోయిందనే కథను నమ్మేవారూ, బలప్రయోగమే లేదని వాదించేవారూ ఈ మూడు తేదీలను ఎదురెదురుగా పెట్టుకొని చూస్తే మంచిది.

ఈ పటానికి నాణేన్ని మించిన సాక్ష్యం లేదని నా అభిప్రాయం. మ్యూజియంలు తమ వెబ్‌సైట్లలో ఉంచిన స్పష్టమైన చిత్రాలతో దానిని చదవడం ఎవరైనా నేర్చుకోవచ్చు. 690ల వరకు అరబ్బు పాలకులు బైజాంటియన్ (తూర్పు రోమన్) బంగారు నాణేలనూ, అంతకుముందు ఇరాన్‌ను ఏలిన సస్సానీల వెండి నాణేలనూ అనుకరించిన వాటితోనే నెట్టుకొచ్చారు. 696-97లో ఖలీఫా అబ్దుల్ మలిక్ బొమ్మలను తొలగించి, అక్షరాలు మాత్రమే ఉన్న దీనార్‌ను ముద్రింపజేశాడు. దాని బరువు సుమారు 4.25 గ్రాములు. ఆ వెనుకే వచ్చిన వెండి దిర్హమ్ సుమారు 2.9 గ్రాములు తూగుతుంది. దిర్హమ్ అంచు వెంబడి ఉన్న వాక్యం ‘బిస్మిల్లాహ్’తో మొదలై, ఈ దిర్హమ్ ఫలానా ఊరిలో ఫలానా సంవత్సరంలో ముద్రితమైందని చెబుతుంది. అందులో ముందుగా ‘ఫీ సనత్’ (‘సంవత్సరంలో’) అనే మాటలను వెతకండి. వాటి తర్వాత వచ్చే సంవత్సరం అంకెల్లో కాక మాటల్లో ఉంటుంది. ఒకట్లు ముందు, పదులు తర్వాత, వందలు చివర. ఈ నాణేలపై కనిపించే పాత అరబ్బీ రాత అయిన కూఫీ లిపిలో చుక్కలు వేయకపోవడం వల్ల ఏడు, తొమ్మిది అనే మాటలు దాదాపు ఒకేలా కనిపించి అనుభవజ్ఞులను సైతం తికమక పెడతాయి. అలాంటిచోట టంకశాల పేరునూ, పాలకుడి పేరు ఉంటే దానినీ ఆసరాగా తీసుకొని నిర్ణయించాలి.

ఉమయ్యద్‌ల సంస్కరణ నాణేలపై ఖలీఫా పేరు ఉండదు. అబ్బాసీల కాలంలో పేర్లు క్రమంగా చోటు చేసుకున్నాయి. నాణెంపై పేరు వేయించుకోవడమూ, మసీదులో శుక్రవారపు ప్రసంగంలో పేరు చదివించుకోవడమూ సార్వభౌమత్వానికి గుర్తులు. ఇరాన్‌కు చెందిన బువైహీ వంశీయులు 945లో బాగ్దాద్‌లో ప్రవేశించిన తర్వాత నాణెంపై అబ్బాసీ ఖలీఫా పేరుతో పాటు బువైహీ అమీర్ పేరు కూడా కనిపిస్తుంది. అసలు అధికారం ఎవరి చేతిలో ఉందో, గౌరవం ఎవరికి మిగిలిందో ఆ రెండు పేర్లను బట్టి గ్రహించవచ్చు.

నాణెం ముద్రించిన చోటు మొదటి పటానికి చెందితే, అది దొరికిన చోటు రెండవ పటానికి చెందుతుంది. 1999లో స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ ద్వీపంలో బయటపడిన స్పిల్లింగ్స్ నిధిలో 14,000కు పైగా నాణేలుండగా, వాటిలో అత్యధికం ఇస్లామిక్ దిర్హమ్‌లే. ఇంగ్లండ్‌లోని మెర్సియా రాజు ఆఫా, హిజ్రీ 157 నాటి అబ్బాసీ దీనార్‌ను అనుకరిస్తూ, అరబ్బీ అక్షరాల మధ్య తన పేరును లాటిన్‌లో, అదీ తలకిందులుగా చెక్కించుకున్నాడు. ఖలీఫా సైన్యం ఆ రెండు చోట్లకూ ఏనాడూ వెళ్లలేదు. మొదటి పటంలో ఖాళీగా ఉన్న చోట్లు రెండవ పటంలో నిండుతున్నాయంటే మీరు సరిగ్గా గీస్తున్నట్లే.

సముద్ర వాణిజ్యాన్ని గుర్తించేటప్పుడు దూరాలకన్నా రుతువులు ముఖ్యం. బస్రా, సీరాఫ్, ఏడెన్ రేవుల నుంచి బయలుదేరిన ఓడలు రుతుపవనాల గాలి కోసం ఆగక తప్పదు గనుక వర్తకులు పరాయి రేవుల్లో నెలల తరబడి నివసించారు. వలస స్థావరాలు అలాగే ఏర్పడ్డాయి. 1998లో ఇండోనేషియాలోని బెలిటుంగ్ ద్వీపం దగ్గర దొరికిన 9వ శతాబ్దపు ఓడ, ఇనుప మేకులు లేకుండా పలకలను తాళ్లతో కుట్టి కట్టినది. అందులో సుమారు 60,000 చైనా మట్టిపాత్రలు ఉన్నాయి. ఒక గిన్నెపై చైనా లెక్క ప్రకారం 826కు సరిపోయే తేదీ ఉంది.

ఓడ శిథిలాలు సరుకును చూపుతాయి. నమ్మకం ఎలా నడిచిందో ఉత్తరాలే చెబుతాయి. పాత కైరోలోని, అంటే ఫుస్తాత్‌లోని, బెన్ ఎజ్రా యూదు ప్రార్థనాలయం గదిలో లక్షలాది కాగితపు ముక్కలు మిగిలాయి. వీటిలోని వర్తక ఉత్తరాల్లో చాలావరకు అరబ్బీ భాషను హీబ్రూ లిపిలో రాసినవే. 12వ శతాబ్దంలో మంగళూరులో ఏళ్ల తరబడి నివసించిన ట్యునీసియా వర్తకుడు అబ్రహం బెన్ యీజూ ఉత్తరాలు అందులోనివే. ఏడెన్ నుంచి అతనికి రాగితో పాటు రాసుకోవడానికి కాగితం కూడా పంపేవారు. ఇటువంటి ఉత్తరాన్ని చదివేటప్పుడు ఎవరి పెట్టుబడి, ఎవరి శ్రమ, నష్టం ఎవరిది అని అడగండి. ఒకరు సొమ్ము పెట్టి మరొకరు ప్రయాణం చేసే ముదారబా ఒప్పందంలో లాభాన్ని ముందే కుదుర్చుకున్న వాటాల ప్రకారం పంచుకుంటారు. పనివాడి తప్పు లేనప్పుడు సొమ్ము నష్టమంతా పెట్టుబడిదారుదే. దూరప్రాంతాలకు నగదు మోయకుండా, మన వర్తకుల హుండీ కాగితాలను పోలిన, ఒకచోట సొమ్ము కట్టి మరోచోట తీసుకునే సుఫ్తజా పత్రాలు వాడారు. ఒక హెచ్చరిక: ఈ కాగితాల్లో కనిపించేవారు ప్రధానంగా యూదు వర్తకులు; వారిని బట్టి ఎడారి బిడారుల వర్తకాన్ని కూడా తేల్చేయరాదు.

మూడవ పటంలో పొరపాట్లు ఎక్కువ. 751లో మధ్య ఆసియాలో అరబ్బులకూ చైనాకూ మధ్య జరిగిన తలాస్ యుద్ధంలో పట్టుబడిన చైనా ఖైదీలు కాగితం తయారీ నేర్పారన్న కథ చాలా పుస్తకాల్లో ఉంది. కానీ మధ్య ఆసియాలో కాగితం వాడకం అంతకు ముందే ఉంది. బాగ్దాద్‌లోని ‘విజ్ఞాన భవనం’లోనే గ్రీకు గ్రంథాలన్నీ అనువాదమయ్యాయన్నది కూడా అంతే బలహీనమైన మాట, సమకాలీన ఆధారాలు దాని గురించి చాలా తక్కువ చెబుతాయి. అందుకే సంస్థ పేరు రాసుకోవడానికి బదులు, గ్రంథం ఏది, అనువాదకుడు ఎవరు, ఎవరి కోసం అని మూడు గడులు గీసుకోండి. క్రైస్తవ వైద్యుడైన హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్, ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ గ్రంథాల అనువాదాల గురించి రాసిన లేఖ ఈ పద్ధతికి బంగారు గని. ఏ అనువాదం ఎవరు కోరారో అందులో చాలాచోట్ల ఉంది. ఖలీఫాలకన్నా వైద్యులూ, మూసా సోదరుల వంటి సంపన్న పండితులూ ఎక్కువగా కనిపిస్తారు. ఒక్క గ్రంథం కోసం హునైన్ ఇరాక్ నుంచి సిరియా, పాలస్తీనా మీదుగా అలెగ్జాండ్రియా దాకా వెతికి, చివరకు డమాస్కస్‌లో సగం మాత్రమే సంపాదించగలిగాడు.

పండితుల పేరు చివరి భాగాన్ని కూడా పటంపై పెట్టండి: ఖ్వారిజ్మీ, బుఖారీ, తూసీ అన్నవి అరేబియాకు వెలుపలి ఊర్లనూ ప్రాంతాలనూ చూపుతాయి. ఇక పటాన్ని 1258తో ముగించకండి. బాగ్దాద్‌ను ధ్వంసం చేసిన మంగోలు నాయకుడు హులాగూయే మరుసటి ఏడాది నసీరుద్దీన్ తూసీ నాయకత్వంలో ఇరాన్‌లోని మరాఘాలో ఖగోళ వేధశాలను ప్రారంభింపజేశాడు.

మూడు పటాలూ సిద్ధమయ్యాక, అవి ఎక్కడ కలుస్తాయో వెతకడానికి రెండు ఉదాహరణలతో మొదలుపెట్టండి. 770లలో బ్రహ్మగుప్తుని సంప్రదాయానికి చెందిన ఖగోళ గ్రంథం సింధు నుంచి వచ్చిన రాయబార బృందంతో బాగ్దాద్ చేరి అరబ్బీలోకి మారింది. ఆ ప్రయాణానికి యుద్ధం అవసరం కాలేదు. 1017లో మహమూద్ గజనీ మధ్య ఆసియాలోని ఖ్వారిజ్మ్‌ను జయించి, అక్కడి పండితుడు అల్-బిరూనీని ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోని గజనీకి తరలించాడు; 1030 ప్రాంతంలో భారతదేశంపై బృహద్గ్రంథం రాసిన ఆ పండితుడే, మహమూద్ దండయాత్రల వల్ల హిందువుల శాస్త్రాలు తమ చెయ్యి ఇంకా చేరలేని కాశ్మీర్, కాశీ వంటి చోట్లకు వెళ్లిపోయాయని అందులో నమోదు చేశాడు. విద్య పటంలో ఈ రెండవ ఉదాహరణకు ఒక్క బాణం గుర్తు చాలదు. గజనీ వైపు ఒకటి, గజనీ సైన్యానికి దూరంగా తూర్పుకు మరొకటి వేయవలసి వస్తుంది.