నోడ్‌తో సర్వర్ నేర్చుకుందాం – 3వ భాగం: రిక్వెస్ట్ వచ్చాక లోపల జరిగేది

జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపేది నోడ్. గత భాగంలో దానిమీద సర్వర్లు రాయడానికి పనికొచ్చే ఎక్స్‌ప్రెస్ లైబ్రరీ వాడి నల్లగొండ బత్తాయి ధరలు చూపే చిన్న సర్వర్ రాశాం. వాడేవాళ్లు పెరిగిన రోజు అది ఎందుకు నెమ్మదిస్తుందో తెలియాలంటే ఇవాళ్టి పాఠం బాగా పట్టుబడాలి.

మనం రాసిన జావాస్క్రిప్ట్ అంతా ఒక్క థ్రెడ్ మీదే, అంటే ఒకసారికి ఒకే పనిగా, నడుస్తుంది. మరి వందల మందికి జవాబెలా ఇస్తుంది? వరి కోతలప్పుడు మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. గేటు దగ్గర గుమస్తా ఒక్కరే. వడ్లు దించేదాకా ఏ ట్రాక్టర్ పక్కనా నిలబడరు. చీటీ రాసి లోపలికి పంపి, తర్వాతి బండిని పిలుస్తారు. దించడం అయిందని హమాలీలు చెప్తే అప్పుడు లెక్క రాసుకుంటారు. నోడ్‌లో ఈవెంట్ లూప్ చేసేది ఇదే. ఏ కనెక్షన్‌లో డేటా వచ్చిందో ఆపరేటింగ్ సిస్టమ్ చెబుతుంది. లైనక్స్‌లో ఆ పని ఈపోల్ అనే ఏర్పాటుది. ఫైళ్లు చదివే పనిని నోడ్ లోపల ఉండే లిబ్‌యూవీ అనే లైబ్రరీ తన థ్రెడ్లకు ఇస్తుంది. మనం మార్చకపోతే అవి 4.

రిక్వెస్ట్ మొత్తం ఒకేసారి రాదు. హెడర్లు (రిక్వెస్ట్ వివరాలు) అందగానే హ్యాండ్లర్, అంటే జవాబివ్వడానికి మనం రాసిన ఫంక్షన్, మొదలవుతుంది. బాడీ (పంపిన అసలు డేటా) ముక్కలుగా ‘డేటా’ ఈవెంట్లలో వస్తుంది, ఆఖర్న ‘ఎండ్’. జవాబుకు ముందు రిక్వెస్ట్ దాటి వెళ్లే ఫంక్షన్లను మిడిల్‌వేర్ అంటారు. ఎక్స్‌ప్రెస్‌లోని జేసన్ మిడిల్‌వేర్ ఆ ముక్కలు పోగుచేసి, తర్వాతి ఫంక్షన్‌కు పని అప్పగించే నెక్స్ట్‌ను పిలుస్తుంది. మిడిల్‌వేర్లు రాసిన వరుసలోనే నడుస్తాయి కాబట్టి దాన్ని రూట్ల (ఏ అడ్రస్‌కు ఏ హ్యాండ్లరో చెప్పే లైన్ల) కంటే పైన రాయాలి. మీ సొంత మిడిల్‌వేర్ జవాబు పంపక, నెక్స్ట్‌నూ పిలవకపోతే బ్రౌజర్ తిరుగుతూనే ఉంటుంది. ఎర్రర్ కూడా కనిపించదు, అందుకే కొత్తవాళ్లకు అంత టెన్షన్.

ఇప్పుడు స్వయంగా చేసి చూడండి, చదివి వదిలేయొద్దు. కొత్త రూట్‌లో 10 సెకన్లు తిరిగే వైల్ లూప్ రాయండి. ఒక ట్యాబ్‌లో దాన్ని తెరిచి, వెంటనే ఇంకో ట్యాబ్‌లో ధరల పేజీ అడగండి. ధరలూ ఆగిపోతాయి! వైల్ తీసేసి సెట్‌టైమౌట్‌తో అంతే సేపు ఆగాక జవాబు పంపండి. ఈసారి ధరలు వెంటనే వస్తాయి. హ్యాండ్లర్ ముందు అసింక్ అని రాసినంత మాత్రాన వైల్ లూప్ దారి వదలదు. చాలామంది ఇక్కడే పొరబడతారు, రాసి చూస్తే మీకే తెలుస్తుంది.

వచ్చే భాగంలోపు మీ కోడ్‌లో రీడ్‌ఫైల్‌సింక్ ఎక్కడుందో వెతకండి. ఫైల్ చదవడం అయ్యేదాకా అది కూడా ఆ వైల్ లూప్ లాగే అన్నిటినీ ఆపుతుంది. సర్వర్ మొదలయ్యేటప్పుడు ఒకసారి వాడితే ఫర్వాలేదు. హ్యాండ్లర్ లోపల ఉంటే మాత్రం తీసేసి రీడ్‌ఫైల్ పెట్టండి.