రోడియో మానేసి టెక్సాస్‌లో భూములు అమ్మాలనుకుంటే

రోడియో అంటే ఎగిరిపడే గుర్రం లేదా ఎద్దు మీద ఒక్క చేత్తో పట్టుకుని 8 సెకన్లు నిలవాల్సిన పోటీ. ఆ రైడర్‌కి జీతమనేది ఉండదు. ఎంట్రీ ఫీజు తనే కట్టుకోవాలి, బండిలో డీజిల్ తనే పోయించుకోవాలి. 8 సెకన్లు నిండకముందే కింద పడినా, ఖాళీ చెయ్యి గుర్రానికి తగిలినా ఆ రోజు చేతికొచ్చేది సున్నా. రియల్ ఎస్టేట్ ఏజెంటు బతుకూ ఇంచుమించు ఇంతే. రెండు నెలలు తిప్పి చూపించిన రాంచ్ (పశువుల పొలం) బేరం క్లోజింగ్, అంటే డబ్బు కట్టి భూమి చేతులు మారే రోజుకి, ముందురోజు చెడితే పైసా రాదు. సున్నాకి అలవాటుపడ్డవాడు ఇందులో త్వరగా బెదరడు. కాకపోతే రోడియోలో సంగతి అక్కడికక్కడే తేలిపోతుంది, ఇక్కడ నెలలు పడుతుంది. అందుకే కనీసం ఆరు నెలల ఇంటిఖర్చు పక్కన పెట్టాకే దిగండి.

లైసెన్సు చదువు ఇంకా రైడింగ్ చేస్తుండగానే మొదలుపెట్టడం మంచిది. టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్, అంటే ట్రెక్, 180 గంటల కోర్సులు అడుగుతుంది: ప్రిన్సిపుల్స్ రెండు భాగాలు, ఏజెన్సీ చట్టం, కాంట్రాక్టు చట్టం, కాంట్రాక్టు ఫారాలు, ఫైనాన్స్, ఒక్కోటి 30 గంటలు. ఆన్‌లైన్‌లో చదవొచ్చు. ఒక ఊరి రోడియో నుంచి ఇంకో ఊరికి పోయేటప్పుడు పక్క సీట్లో కూర్చునే గంటలు దీనికి బాగా పనికొస్తాయి. వయసు 18 నిండాలి, వేలిముద్రలు ఇవ్వాలి. దరఖాస్తు పెట్టిన ఏడాదిలోపు పరీక్ష పాసవ్వాలి. పరీక్ష తేదీని మాత్రం జులై 4 చుట్టుపక్కల పెట్టుకోకండి. కౌబాయ్ క్రిస్మస్ అని పిలుచుకునే ఆ రోజుల్లో రోడియోలు వరసగా ఉంటాయి, పుస్తకం తెరిచే తీరిక ఉండదు.

పాసైనంత మాత్రాన అమ్మడం కుదరదు. ఒక బ్రోకరు మిమ్మల్ని తన కింద చేర్చుకుంటేనే లైసెన్సు పనిచేస్తుంది, కమిషన్ కూడా ఆయన చేతిమీదుగానే వస్తుంది. వాటా ఎంతిస్తాడని అడిగే ముందు రాంచ్‌లు అమ్మిన అనుభవం ఉందా అని అడగండి. ఊళ్లో ఇళ్లు మాత్రమే అమ్మే బ్రోకరు దగ్గర మీ పశువుల జ్ఞానం వృథా.

కమిషన్ చెక్కులో పన్ను కోసి ఇవ్వరు. సొంత ఉపాధి పన్నే 15.3 శాతం ఉంటుంది, ఆదాయపు పన్ను దానికి అదనం. ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి నెలల 15న వాయిదాలు కట్టాలి. చెక్కు వచ్చిన రోజే నాలుగో వంతుకు పైగా వేరే ఖాతాలో వేసేయడం క్షేమం.

రోడియోలో గెలిచి బెల్టుకు పెట్టుకున్న బకిల్ రాంచ్ గేటు దాకా తీసుకెళ్తుంది, అంతే. స్టాక్ కాంట్రాక్టర్లు (రోడియోలకు పశువుల్ని సరఫరా చేసేవాళ్లు), పశువైద్యులు, దాణా అమ్మేవాళ్లు మీకు తెలిసే ఉంటారు, ఎవరు భూమి అమ్ముతున్నారన్న కబుర్లు వాళ్ల దగ్గర్నుంచే వస్తాయి. కానీ బేరం తెచ్చిపెట్టాడని లైసెన్సు లేని పాత రైడింగ్ స్నేహితుడికి కమిషన్‌లో వాటా ఇస్తే చట్టవిరుద్ధం. కొత్తవాళ్లు బోల్తాపడేది ఎక్కువగా ఇక్కడే.

ఇక భూమి చూడటం. ముందు బావి దగ్గరికి వెళ్లండి. 5 గ్యాలన్ల బకెట్ పెట్టి కుళాయి పూర్తిగా తిప్పి టైమ్ చూడండి. 30 సెకన్లలో నిండితే నిమిషానికి 10 గ్యాలన్లు. అక్కడితో ఆపకుండా గంటసేపు పారనివ్వండి. ఇసుక వస్తున్నా, గాలి తుపుక్కు తుపుక్కుమంటూ నీళ్లు తెగితెగి పడుతున్నా, తోడినంత వేగంగా బావి ఊరడం లేదన్నమాట. పంపు స్విచ్ కొన్ని సెకన్లకోసారి టక్కుటక్కుమంటుంటే మాత్రం సాధారణంగా లోపం బావిది కాదు, నీటి ఒత్తిడిని నిలిపే ప్రెషర్ ట్యాంకులో గాలి పోయి ఉంటుంది. అది చిన్న ఖర్చు. మీరు చూసింది కొనేవాడికి చెప్పండి, హామీ మాత్రం ఇవ్వకండి. ఆ మాట బావులు తవ్వేవాడి నోట రావాలి.

కంచె దగ్గర మూల స్తంభాలు చూస్తే చాలు. అవి ఒరిగితే ఆ వరుస తీగంతా వదులైనట్టే. ఇంకో సంగతి, కంచె ఉన్నచోటే హద్దు ఉంటుందనుకోవద్దు, సర్వే కాగితం తెప్పించండి. పక్కవాడి పొలం మీదుగా దారి ఉంటే అది రాతపూర్వక హక్కో, నోటిమాటో తేల్చుకోండి. నోటిమాటైతే అప్పు ఇచ్చేవాళ్లు వెనక్కి తగ్గొచ్చు.

ఖనిజ హక్కులు టెక్సాస్‌లో నేల నుంచి విడిపోయి వేరేవాళ్ల చేతిలో ఉండటం మామూలే. అలా ఉన్నచోట చమురు తీసేందుకు అవసరమైన మేరకు పైనున్న నేలను వాడుకునే హక్కు వాళ్లకుంటుంది. కొనేవాడికి ఇది మొదటిరోజే చెప్పాలి.

చివరగా పన్ను. పొలాల మీద ఆస్తి పన్ను తక్కువ పడటాన్ని ఊళ్లో అందరూ యాగ్ ఎగ్జెంప్షన్ (వ్యవసాయ మినహాయింపు) అంటారు గానీ నిజానికి అది మినహాయింపు కాదు, సాగుభూమిగా తక్కువ విలువ కట్టడం. కొన్నవాడు పశువుల్ని తీసేసి ప్లాట్లు వేస్తే, తగ్గించి కట్టిన తేడా గత మూడేళ్లకూ వసూలు చేస్తారు. పొలాలు, రాంచ్‌ల అమ్మకానికి వాడే ట్రెక్ ఫార్మ్ అండ్ రాంచ్ కాంట్రాక్టు ఫారం ప్రకారం క్లోజింగ్ తర్వాత కొన్నవాడు వాడకం మారిస్తే అతనే కట్టాలి, అంతకుముందే అమ్మేవాడు మార్చి ఉంటే అమ్మేవాడు కట్టాలి. సంతకాలకు ముందు ఆ పేరాని ఇద్దరికీ చదివి వినిపించండి.