జపాన్ కత్తుల ప్రదర్శన ఏర్పాటు – 4వ పాఠం: దీపం, పరిశీలన బల్ల, చుట్టూ కూర్చునే పనివాళ్ళు

కిందటి పాఠంలో కత్తులు స్వీకరించే బల్ల దగ్గర ఆగాం. ప్రతి కత్తి వెంట నమోదు పత్రం ఉందో లేదో, అందులో రాసిన పొడవూ కమ్మరి సంతకమూ అలుగుతో, అంటే కత్తి ఉక్కు భాగంతో, సరిపోతున్నాయో లేదో చూసుకున్నాం. పాత గాట్లను ఫొటో తీసి పెట్టుకున్నాం. జపాన్‌లో ఆ పత్రం ఎప్పుడూ కత్తితోనే ఉండాలి. 1958 నాటి చట్టం ప్రకారం అది లేని అలుగును హాల్లోకి రానివ్వకూడదు. మన నమూనా మారలేదు: చిన్న పట్టణం, సాంస్కృతిక మందిరంలో ఒక పెద్ద హాలు, 30 కత్తులు, రెండు రోజులు.

ముందు దీపం

హాల్లో అడుగుపెట్టగానే తలెత్తి పైకప్పు చూడండి. వరసగా ట్యూబులైట్లు ఉంటే మీ మొదటి పని అక్కడే ఉంది. ట్యూబులైటు అలుగు మీద పొడవాటి తెల్లని చారగా పడుతుంది. ఆ చారలో హమోన్ మునిగిపోతుంది.

హమోన్ అంటే వాదర (పదునైన అంచు) వెంట సాగే గీత. కమ్మరి అలుగుకు మట్టి పూస్తాడు, వాదర వైపు పలచగా, వెన్ను వైపు మందంగా. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచగానే పలచని వైపు చటుక్కున చల్లారి గట్టిపడుతుంది, మందంగా పూసిన వైపు మెత్తగా మిగులుతుంది. ఆ రెంటి సరిహద్దులో పుట్టిన ఉక్కు రేణువులు విడివిడిగా మెరిస్తే ‘నియె’, పొగమంచులా కలిసిపోయి కనిపిస్తే ‘నియోయి’. ఆ మెరుపు చూపించేది ఒకే బిందువు నుంచి వచ్చే కాంతి మాత్రమే. కాబట్టి పరిశీలన బల్ల మీది వరస ట్యూబులైట్లు ఆర్పించండి, మూడు వైపులా నల్లగుడ్డ కట్టండి, ఒక్కో కుర్చీకి ఎదురుగా కంటి ఎత్తు కన్నా కాస్త పైన ఒక బల్బు పెట్టండి. పాల గాజు కప్పిన బల్బు పనికిరాదు. లోపలి వెలుగు బిందువు నేరుగా కనబడాలి. చూసేవారు అలుగు మొనను దీపం వైపు చాచి, దీపపు ప్రతిబింబానికి అంచున చూడాలి, ప్రతిబింబంలోకి కాదు. హమోన్ అక్కడే తేలుతుంది. ఉక్కు పొరల అల్లిక, అంటే ‘జిహదా’, కాస్త మెత్తని వెలుగులో బాగా తెలుస్తుంది. కిటికీ పక్కన ఒక కుర్చీ ఇందుకోసం వదలండి.

ఇక్కడ కార్యకర్తలందరికీ నేర్పవలసిన సంగతి ఒకటుంది. అలుగు మీద పాలలా తెల్లగా కనిపించేదంతా హమోన్ కాదు. సానపట్టేవాడు చివర్లో పలచని రాతి ముక్కను బొటనవేలి కింద పెట్టి వాదర వెంట రుద్దుతాడు. ఆ తెల్లదనాన్ని ‘హదోరి’ అంటారు. అసలు గీత దాని లోపల, తరచు దాన్ని దాటి వేరే దారిలో నడుస్తుంది. ప్రదర్శనకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది హదోరిని చూసి హమోన్ చూశామనుకుని వెళ్ళిపోతారు. ప్రదర్శన ఇంతకన్నా పెద్దగా విఫలమయ్యే చోటు మరొకటి లేదు. బల్ల దగ్గర నిలబడే మనిషి ముందు దీపం చూపించాలి, ఆ తరవాతే కత్తి పేరు చెప్పాలి.

తెలుగు పాఠకులకు ఒక మాట. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు మీద కనిపించే చారలు ఆ ఉక్కు గడ్డకట్టే తీరులోనే పుట్టినవి. జపాన్ కత్తి మీది అల్లిక మడత పెట్టి సాగగొట్టడం వల్ల వచ్చినది. రెండూ ఒకటేనని పరిచయ పలకల మీద రాయకండి.

అద్దాల పెట్టెల్లో పెట్టేటప్పుడు ‘తాచి’ అనే పాత తరహా పొడవాటి కత్తిని వాదర కిందికి, ‘కతానా’ అనే తరవాతి కాలపు కత్తిని వాదర పైకి ఉంచాలి, నడుముకు కట్టుకున్న తీరులోనే. రెంటికీ పిడి వైపు చూసేవారి ఎడమకు వస్తే, మామూలుగా సంతకం ఉన్న ముఖం వారి వైపు ఉంటుంది. హిజెన్ ప్రాంతపు కమ్మరులైన తదయోషి పరంపర వారు కతానాల మీద కూడా తాచి పద్ధతిలో, రెండో ముఖాన సంతకం పెట్టేవారు. అందుకని పలక రాసే ముందు పిడిలోపలి తోకను చూసుకోవాలి. ఆ తోక మీది తుప్పును మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. కత్తి వయసు చెప్పే ఆధారాల్లో అదొకటి. భూకంపాల దేశం కాబట్టి అలుగును నైలాను దారంతో పీఠానికి కట్టడం తప్పనిసరి.

చేతికిచ్చే బల్ల

30 కత్తుల్లో 5 మాత్రమే చేతికివ్వండి. లెక్క ఇదీ: 5 కుర్చీలు, కుర్చీకో కత్తి, మనిషికి కత్తి దగ్గర 4 నిమిషాలు. అయిదుగురు ఒక చుట్టు తిరగడానికి 20 నిమిషాలు, అంటే గంటకు 15 మంది. తుడవడానికీ మాట్లాడడానికీ సమయం పోగా 12 మందికే చీటీలివ్వండి. రోజుకు 5 గంటలు నడిపితే 60 మంది. అంతకు మించి ఇస్తే నాలుగో గంటకల్లా తుడవడం మానేస్తారు, అయిదో గంటకు వేలిముద్రలు కనిపిస్తాయి, వారం తిరిగేసరికి అక్కడే తుప్పు లేస్తుంది.

కుర్చీకి 1.2 మీటర్ల వెడల్పు ఇవ్వండి. బల్ల మీద ముదురు రంగు మందపాటి గుడ్డ, మొన ఆనడానికి చిన్న దిండు, మెత్తని కాగితం ఉండాలి. ఉంగరాలు, గడియారం, మెడలో వేలాడేవన్నీ కూర్చునే ముందే తీసేయాలి. అలుగు మీద మాట్లాడకూడదు, తుంపర పడితే మచ్చే. కత్తికి తల వంచాక వాదర పైకి ఉండేలా పట్టుకుని, వెన్ను ఒర లోపలి చెక్క మీద జారేలా తీయాలి. అడ్డంగా లాగితే వాదర చెక్కను కోస్తుంది. అలా పలచబడిన ఒర ఏదో ఒకరోజు చీలి, పట్టుకున్న వేళ్ళు తెగుతాయి. చేతి నుంచి చేతికి కత్తి ఇవ్వకూడదు. దిండు మీద పెట్టాలి, తరవాతి మనిషి అక్కడి నుంచి తీసుకోవాలి.

పొద్దున తెరిచే ముందు ప్రతి పిడికీ వెదురు మేకు బిగువుగా ఉందో లేదో వేలితో నొక్కి చూడండి. ఆ ఒక్క ‘మెకుగి’ జారితే అలుగు పిడిలోంచి ఊడి వస్తుంది. చలికాలమైతే కారులోంచి తెచ్చిన కత్తిని సంచిలోనే గంటకు పైగా వదిలేయండి. వెచ్చని హాల్లో వెంటనే తీస్తే చల్లని ఉక్కు మీద చెమ్మ పడుతుంది. సాయంత్రం తుడిచి, నూనె పలచగా రాసి ఒరలో పెట్టాలి. మందంగా రాస్తే ఒర లోపలికి ఇంకి దుమ్మును పట్టుకుంటుంది.

పక్కన ఏ కళలు?

డప్పులూ నాట్యాలూ పిలిస్తే జనం వస్తారు, నిజమే. కాని ఆ జనం కత్తుల వైపు తిరగరు. కత్తిని తాకే కళలనే పిలవండి, అవే ఒక పెద్ద జాతర. ఒర చెక్కేవాడు, దానికి ఉరుషి చెట్టు పాలతో మెరుగు పూసేవాడు, ‘రే’ అనే చదునైన చేప తోలు మీద పట్టునాడా చుట్టి పిడి కట్టేవాడు, ‘హబాకి’ అనే లోహపు పట్టీ చేసేవాడు, ‘త్సుబా’ అనే పిడి ముందరి అడ్డుపలక చెక్కేవాడు, ఒరకు వేలాడే పట్టుతాడు అల్లేవాడు. ఒకాయమా రాష్ట్రంలోని ఒసఫునె కత్తుల మ్యూజియం ఆవరణలో ఇలాంటి పనివాళ్ళ కార్యశాలలు ఉన్నాయి. చూసి నేర్చుకోదగ్గ నమూనా అది.

సానపట్టేవాడికి నీళ్ళు, పారే దారి, కిటికీ వెలుగు కావాలి. రాతి బురద చిందుతుంది కాబట్టి పరిశీలన బల్లకు దూరంగా కూర్చోబెట్టండి. పిడి కట్టేవాడికి మాత్రం బల్ల పక్కనే చోటివ్వండి. అలుగు చూసి లేచినవాళ్ళు నేరుగా అతని ముందు కూర్చుంటారు. కొలిమి ఆరుబయటే. మాత్సు (పైన్) చెట్టు బొగ్గు నిప్పురవ్వలు ఎగజిమ్ముతుంది, అగ్నిమాపక కేంద్రానికి ముందే చెప్పాలి. అనుమతి ఉన్న కమ్మరి నెలకు రెండు పొడవాటి కత్తులకు మించి చేయకూడదు. అతని రెండు రోజులు ఎంత విలువైనవో తెలిసి పిలవండి.

తేనీటి కళకు ఒక్క మూల ఇవ్వవచ్చు, దానికీ కత్తితో సంబంధముంది. పూర్వం తేనీటి గదిలోకి కత్తి తీసుకెళ్ళేవారు కాదు, వాకిట చూరు కింద కత్తులు పెట్టే కొయ్య మీద వదిలేసేవారు. ఆ ఖాళీ కొయ్యను గుమ్మం పక్కన పెట్టి, కింద రెండు వాక్యాలు రాయండి.

కత్తి విద్య ప్రదర్శన వేరే గదిలో జరగాలి. చూసేవాళ్ళు కోత గీతకు ఎదురుగానూ వెనకగానూ ఉండకూడదు. పక్కలకు, కనీసం 5 మీటర్ల దూరంలో కూర్చోవాలి.

అభ్యాసం: గళ్ళ కాగితం మీద మీ హాలు గీయండి. కిటికీలు, నీటి కుళాయి, ట్యూబులైట్ల వరసలు ముందు గుర్తించండి. పరిశీలన బల్ల, సానపట్టేవాడు, పిడి కట్టేవాడు, అయిదు దీపాలు వాటి చోట్లలో పెట్టండి. తరవాత రాత్రిపూట ఇంట్లో ఒక స్టీలు వంటకత్తి తీసుకుని ముందు ట్యూబులైటు కింద, ఆ తరవాత ఒంటి బల్బు ముందు పట్టి, ప్రతిబింబం అంచున ఏం మారిందో నాలుగు వాక్యాలు రాసి ఉంచండి. 5వ పాఠంలో పరిచయ పలకలు రాయడం ఆ నాలుగు వాక్యాలతోనే మొదలుపెడతాం.