స్నోక్వాల్మీ సొరంగంలో నడవడానికి వెళ్లేముందు

సియాటిల్ నుంచి ఐ-90 హైవే మీద తూర్పుగా గంటసేపు వెళ్తే ఎగ్జిట్ 54 దగ్గర హయాక్ అనే చోటు వస్తుంది. అక్కడి పార్కింగ్‌కి కాస్త దూరంలోనే 3.6 కిలోమీటర్ల పాత రైలు సొరంగం ఉంది. మిల్వాకీ రోడ్ రైల్వే కంపెనీ రైళ్లు 1915 నుంచి ఇందులో తిరిగాయి. 1980లో కంపెనీ ఈ లైను వదిలేసింది. పట్టాలు తీసేసిన ఆ దారే ఇవాళ పలూస్ టు కాస్కేడ్స్ స్టేట్ పార్క్ ట్రైల్. బెల్లెవ్యూ, రెడ్మండ్, సమామిష్ వైపు మన కుటుంబాలు వేసవిలో ఇక్కడికి బాగానే వస్తుంటాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడైతే మరీను. చదును దారి కదా, ఎవరైనా నడిచేస్తారని ఏ ఏర్పాటూ లేకుండా బయల్దేరతారు. ఇక్కడ ఇబ్బంది పెట్టేది ఎత్తు ఎక్కడం కాదు. చీకటి, చలి, పైగా మధ్యలో బయటికి వచ్చే దారి లేకపోవడం.

ముందు సీజన్ సంగతి. మామూలుగా నవంబర్ 1 నుంచి మే 1 దాకా సొరంగం తలుపులు మూసే ఉంటాయి. పైనుంచి ఊరే నీళ్లు చలికాలంలో గడ్డకట్టి, బరువైన మంచు ఊచల్లా కప్పు నుంచి వేలాడతాయి. ఊడిపడితే తల పగులుతుంది. కింద నేలంతా మంచు పలకే. తెరిచే తేదీ వాతావరణాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది కాబట్టి మే మొదట్లో, అక్టోబర్ ఆఖర్లో వెళ్లేవాళ్లు ముందురోజు వాషింగ్టన్ స్టేట్ పార్క్స్ వెబ్‌సైట్ చూసుకోవాలి. ఆగస్టు, సెప్టెంబర్లలో అడవి మంటల పొగ ఉందేమో కూడా చూడండి. గాలి నాణ్యత సూచీ 150 దాటితే ఆస్తమా ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ మానుకోవడమే మేలు. కారు ఆపడానికి డిస్కవర్ పాస్ (వాషింగ్టన్ స్టేట్ పార్కుల పార్కింగ్ పాస్) తప్పనిసరి. అది లేకపోతే జరిమానా కట్టాలి.

లైటు విషయంలో రాజీ వద్దు. లోపల ఒక్క బల్బు కూడా లేదు. ఫోన్ టార్చ్ చాల్లే అనుకునేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, చెయ్యి తిమ్మిరెక్కుతుంది, తడి నేల మీద జారిపడిందంటే ఫోనూ పోతుంది, వెలుగూ పోతుంది. మనిషికి ఒక హెడ్‌ల్యాంప్, కనీసం 200 ల్యూమెన్ల (వెలుగు కొలత) ది తీసుకోండి. గుంపు మొత్తానికి అదనంగా రెండు టార్చ్‌లు, కొత్త బ్యాటరీలు ఉండాలి. పిల్లలకి ఎవరి లైటు వాళ్లకే ఇవ్వండి. పెద్దవాళ్ల వెలుగులో నడిపిస్తే పిల్లాడి కాళ్ల ముందు పెద్దవాళ్ల నీడే పడుతుంది, గుంత కనబడదు. కొన్నిచోట్ల లోపల పొగమంచు కమ్ముతుంది. అప్పుడు హెడ్‌ల్యాంప్ వెలుగు తిరిగి కళ్లలోనే కొడుతుంది. దాన్ని తల మీంచి తీసి నడుం దగ్గర పట్టుకుని నేలకేసి వెయ్యండి, దారి తేటగా కనిపిస్తుంది. వెనక ఉన్నవాళ్ల బ్యాగుకి ఎర్ర లైటు తగిలించండి. సైకిళ్లు వేగంగా వస్తాయి.

బయట 30 డిగ్రీల ఎండ ఉన్నా లోపల 10 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, పైగా ఈదురుగాలి. నిక్కరు, కాటన్ టీషర్టుతో వెళ్తే కప్పు నుంచి పడే చుక్కలకి తడిసి పది నిమిషాల్లో వణుకు పుడుతుంది. తడిసిన కాటన్ ఒంటి వేడిని లాగేస్తుంది. ఫ్లీస్ స్వెటర్, దాని మీద నీళ్లు దిగని పల్చటి జాకెట్, చెవులు కప్పే టోపీ ఉండాలి. ఇవి వేసుకోవాల్సింది పార్కింగ్‌లోనే, లోపల చీకట్లో బ్యాగు వెతుక్కుంటూ కాదు. చెప్పులు, శాండల్స్ వద్దు. కంకర రాళ్లు ఇరుక్కుంటాయి, నీటి మడుగుల్లో సాక్సు తడిస్తే మిగతా నడకంతా నరకమే. చీర కట్టుకునే అమ్మలకి ఆ ఒక్కపూటకి ప్యాంటో సల్వారో వేసుకోమని చెప్పండి. అంచు తడిసి కాళ్లకి చుట్టుకుంటే పడిపోతారు.

పెద్దవాళ్లతో వెళ్తే లెక్క ఇలా వేసుకోండి. పార్కింగ్ నుంచి అవతలి కొస దాకా వెళ్లి రావడానికి దాదాపు 8 కిలోమీటర్లు, తీరిగ్గా నడిస్తే మూడు గంటలు. లోపల కూర్చునే చోటు ఉంటుందనుకోవద్దు. బాత్రూమ్ పని హయాక్‌లోనే ముగించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్ల దగ్గర గ్లూకోజ్ బిళ్లలో పల్లీ చిక్కీయో జేబులో ఉండాలి, వేరేవాళ్ల బ్యాగులో కాదు. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ కూడా అంతే. లోపలికి వెళ్లిన పది నిమిషాలకి ఒకసారి ఆగి అందర్నీ అడగండి: చలేస్తోందా, భయంగా ఉందా, మోకాళ్లు ఎలా ఉన్నాయి? వెనక్కి తిరగాలంటే అదే అదను. నడిమధ్యకి చేరాక ఎటు వెళ్లినా 1.8 కిలోమీటర్లే, తిరిగి లాభం లేదు.

కుడివైపు ఒకరి వెనక ఒకరు నడవండి. ఫొటో కోసం దారికి అడ్డంగా వరస కట్టొద్దు. గోడల్నీ, పెచ్చుల్నీ కదిలించొద్దు. కప్పు పెచ్చులు రాలుతున్నాయనే 2009లో ఈ సొరంగాన్ని మూసి, మరమ్మతులు చేసి 2011లో మళ్లీ తెరిచారు.

లోపల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఎవరైనా పడిపోతే ఒకరు వాళ్ల దగ్గరే ఉండి జాకెట్ కప్పి కూర్చోవాలి, ఇద్దరు లైటు పట్టుకుని దగ్గరి ముఖద్వారానికి వెళ్లి 911కి ఫోన్ చెయ్యాలి. సొరంగం పేరు, ట్రైల్ పేరు, ఎగ్జిట్ 54, పడిపోయిన మనిషి హయాక్ వైపు నుంచి ఎన్ని నిమిషాల నడకలో ఉన్నారో చెప్పండి.

ఇండియా నుంచి వచ్చిన పిల్లలకి ఒక మాట గట్టిగా చెప్పి పంపండి. ఇది పట్టాలు తీసేసిన దారి. అరకు వెళ్లే కొత్తవలస-కిరండూల్ లైను సొరంగాల్లో ప్యాసింజర్లు, ఇనుప ఖనిజం గూడ్సులు ఇప్పటికీ నడుస్తున్నాయి. అక్కడ పట్టాల మీదికి వెళ్లడం ప్రాణాపాయం, రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం కూడా.

సైకిళ్ల మీద అవతలికి దాటి రాటిల్‌స్నేక్ లేక్ దాకా దిగేవాళ్లకి దాదాపు 20 మైళ్లు, అంతా పల్లమే. అక్కడొక కారు, హయాక్‌లో ఒక కారు పెట్టుకోండి. డిస్కవర్ పాస్ ఒక సమయంలో ఒక్క కారుకే చెల్లుతుంది కాబట్టి స్టేట్ పార్క్ పార్కింగుల్లో రెండు కార్లు ఆపితే రెండు పాసులు కావాలి. పొడవాటి వంతెనలు దాటేటప్పుడు రెయిలింగ్ ఎక్కనివ్వొద్దు. బండరాళ్లు ఎక్కేవాళ్లు పైన కనిపిస్తే ఆ కింద ఆగొద్దు. బయల్దేరేముందు కింది కారు తాళం కిందికి దిగేవాళ్ల జేబులో ఉందో లేదో చూడండి. అది హయాక్‌లో ఉన్న కారులోనే ఉండిపోతే, చీకటిపడే వేళకి అలసిన పిల్లలతో చెరువు గట్టున కూర్చోవాల్సి వస్తుంది.