జబ్బు ఎంతమందికి ఉందో లెక్కకట్టాలంటే ముందు హారం చూసుకోండి

"ఈ జబ్బు ఎంతమందికి ఉంది?" అని ఎవరైనా అడిగితే "ఎంతమందిలో?" అని తిరిగి అడుగుతాను. చాలాకాలంగా ఇంటింటి ఆరోగ్య సర్వేల్లో పనిచేస్తున్నాను. చేరిన కొత్తలో నా ధ్యాసంతా రోగుల్ని వెతకడం మీదే ఉండేది. భిన్నంలో పైనుండే లవం అది. కిందుండే హారాన్ని వదిలేస్తే ఏమవుతుందో ఒక బీపీ సర్వేలో తెలిసింది. మేం ఉదయం పదింటికి వెళ్ళి సాయంత్రం నాలుగింటికి వచ్చేసేవాళ్ళం. ఆ వేళప్పుడు ఇళ్ళలో ఉండేది పెద్దవాళ్ళు, ఒంట్లో బాగాలేక పనికి వెళ్ళనివాళ్ళు. మిగతా ఇళ్ళకు తాళాలు. మేం తేల్చిన శాతం చూసి మా సూపర్‌వైజర్ "తాళం వేసిన ఇళ్ళ లిస్టు ఏది?" అని అడిగారు. అలాంటి లిస్టే మా దగ్గర లేదు. మళ్ళీ రెండు వారాలు రాత్రిపూట తిరిగాం. శాతం బాగా దిగిపోయింది.

అందుకే మొదటి పని, అక్కడ ఉన్న అందరి పేర్లతో లిస్టు తయారు చేసుకోవడం. అందులోంచి లాటరీ తీసినట్టు పేర్లు తీయండి. దొరకని మనిషి బదులు పక్కింటివాళ్ళను రాసుకోకండి, ఆ మనిషి కోసమే వేరే వేళ మళ్ళీ వెళ్ళండి. ఆసుపత్రికి వచ్చినవాళ్ళను లెక్కపెట్టి ఊరంతటికీ అదే శాతమని చెప్పడం మరీ తప్పు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు మరణాలను లెక్కపెట్టి ఊరుకోలేదు. ఏ కంపెనీ నీళ్ళు ఎన్ని ఇళ్ళకు వెళ్తున్నాయో కూడా చూశారు. సదర్క్ అండ్ వాక్సాల్ నీళ్ళు వాడే 40,046 ఇళ్ళలో 1,263 మంది, లాంబెత్ నీళ్ళు వాడే 26,107 ఇళ్ళలో 98 మంది చనిపోయారు. అంటే పదివేల ఇళ్ళకు 315, 37. ఇళ్ళ సంఖ్య తెలియబట్టే ఆ తేడా ఎంతో తేలింది.

తర్వాత, ఎవరిని రోగి అంటామో ముందే కాగితం మీద రాసుకోవాలి. అమెరికాలో 2017లో గుండె వైద్యుల సంఘాలు బీపీ హద్దును 140/90 నుంచి 130/80కి దించాయి. దాంతో అక్కడి పెద్దవాళ్ళలో బీపీ ఉన్నవారు సుమారు 32 శాతం నుంచి 46 శాతానికి పెరిగారు. జనం వాళ్ళే, వాళ్ళ రక్తపోటూ అదే.

ప్రివలెన్స్, ఇన్సిడెన్స్ అనే రెండు మాటల్ని కలిపేయకండి. సర్వే రోజున జబ్బుతో ఉన్నవాళ్ళ శాతం ప్రివలెన్స్. ఒక కాలంలో కొత్తగా జబ్బుపడినవాళ్ళ లెక్క ఇన్సిడెన్స్. దీని హారంలో అప్పటికే జబ్బున్నవాళ్ళు ఉండకూడదు. అందరూ ఏడాది పొడుగునా మనకు అందుబాటులో ఉండరు కాబట్టి హారంలో మనుషుల సంఖ్య బదులు వాళ్ళను గమనించిన కాలాన్నే కూడాలి. 80 మందిని ఏడాదంతా, 20 మందిని ఆరేసి నెలలు గమనిస్తే 90 వ్యక్తి-సంవత్సరాలు. మధ్యలో జబ్బు వచ్చినవారి కాలాన్ని ఆ రోజుతో ఆపేయాలి. హెచ్‌ఐవీకి మంచి మందులు వచ్చాక రోగులు ఎక్కువకాలం బతుకుతున్నారు. అందుకని కొత్త కేసులు తగ్గుతున్నా ప్రివలెన్స్ పెరగొచ్చు. ఆ పెరుగుదలను చూసి టెన్షన్ పడక్కర్లేదు, అది మందులు పనిచేస్తున్నందుకు గుర్తు.

ఎక్కువమంది పొరబడేది టెస్టు దగ్గర. వెయ్యిమందిలో నిజంగా 20 మందికి జబ్బుందనుకోండి. మన టెస్టు రోగుల్లో 90 శాతం మందిని పట్టుకుంటుంది, ఆరోగ్యవంతుల్లో 95 శాతం మందికి సరిగ్గా నెగెటివ్ చూపిస్తుంది. మంచి టెస్టే అనిపిస్తుంది. కానీ 20 మంది రోగుల్లో 18 మందికి పాజిటివ్ వస్తే, 980 మంది ఆరోగ్యవంతుల్లో 49 మందికి తప్పుగా పాజిటివ్ వస్తుంది. మొత్తం 67, అంటే 6.7 శాతం. నిజం 2 శాతమే! దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. వచ్చిన 6.7కి 95 కలిపి 100 తీసేయండి, 1.7 వస్తుంది. 90కి 95 కలిపి 100 తీసేస్తే 85. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వందతో హెచ్చిస్తే 2 శాతం. జబ్బు ఎంత అరుదైతే ఈ సవరణ అంత అవసరం. నేనైతే ఇది చేయని సర్వే అంకెను నమ్మను.

ఎంతమందిని చూడాలి? శాతం ఎంత ఉంటుందో అసలు అంచనా లేనప్పుడు, అటూ ఇటూ 5 శాతం తేడాతో చెప్పడానికి 385 మంది చాలు. కానీ కొన్ని వీధులనే ఎంచుకుని తిరిగితే ఒక వీధివాళ్ళు చాలా విషయాల్లో ఒకేలా ఉంటారు కాబట్టి మామూలుగా రెట్టింపు మందిని తీసుకుంటారు.

రెండు ప్రాంతాలను పోల్చేముందు వయసులు చూడండి. ముసలివాళ్ళు ఎక్కువున్నచోట గుండెజబ్బులు ఎక్కువే కనిపిస్తాయి. ఒక్కో వయసు గుంపుకు విడిగా శాతం కట్టి, రెండుచోట్లా ఒకే ప్రామాణిక జనాభాకు, అంటే ఏ వయసువాళ్ళు ఎంత శాతమో ముందే ఖాయం చేసిన నమూనా జనాభాకు, వర్తింపజేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ఇందుకు పనికొస్తుంది.

చివరికి ఫలితం రాసేటప్పుడు ఒంటరి శాతం రాయకండి. 600 మందిలో 48 మందికి ఉంటే 8 శాతం అని రాసి, అసలు విలువ సుమారు 6 నుంచి 10 మధ్య ఉండొచ్చని పక్కనే చెప్పండి. ఏ తేదీల్లో, ఏ వయసువాళ్ళలో, ఏ టెస్టుతో చూశారో, ఎంతమంది దొరకలేదో కూడా చేర్చండి. ఇక 300 మందిని చూసినా ఒక్క కేసూ దొరకలేదనుకోండి, "జబ్బు లేదు" అని మాత్రం రాయొద్దు. ఒక్క కేసూ లేనప్పుడు 3ని చూసినవాళ్ళ సంఖ్యతో, ఇక్కడ 300తో, భాగించండి. 1 శాతం దాకా ఉండే అవకాశం ఇంకా ఉంది.