బరంపురం నుంచి విశాఖకు ఒక్క రోజులో: విరాళాల సైకిల్ యాత్రకు తయారీ

బరంపురం నుంచి విశాఖపట్నానికి 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 260 కిలోమీటర్లు. ఏ ఆసుపత్రికో, బడికో విరాళాలు పోగుచేయడానికి దీన్ని ఒక్క రోజులో తొక్కాలనుకునే వాళ్లకు కాళ్ల గురించే బెంగ. నాలుగు నెలలు సాధన చేసినవాళ్లకు కాళ్లు బాగానే ఆడతాయి. సగంలో దింపేసేవి సీటు ఒరుపు, తిరగబడ్డ కడుపు, వెంటవెంటనే పడే పంక్చర్లు.

ముందు తేదీ. అక్టోబరు జోలికి పోవద్దు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీన విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. మూడూ ఈ దారి మీదివే. డిసెంబరు, జనవరి మేలు. చలికాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది, మన తీరం నైరుతికి సాగుతుంది. కాబట్టి బరంపురంలో బయలుదేరితే గాలి వీపు మీద ఉంటుంది. విశాఖ నుంచి ఇటు రావాలనుకుంటే రోజంతా ఎదురుగాలే.

సాధనకు 16 వారాలు పెట్టుకోండి, అదీ ఇప్పటికే 50 కిలోమీటర్లు తొక్కగలిగితేనే. ఆదివారం దూరాన్ని వారానికి ఆరో వంతు చొప్పున పెంచండి, ప్రతి నాలుగో వారం తగ్గించండి. గోపాల్‌పూర్ దారి చదును, వేగానికి సరిపోతుంది. బలానికి దిగపహండి మీదుగా తప్తపాణి ఘాటు ఎక్కాలి. మూడు వారాల ముందు ఒకసారి 200 కిలోమీటర్లు పూర్తిచేసి, ఆఖరి పది రోజులు సగానికి సగం తగ్గించేయండి.

సీటు ఎత్తు చూసుకునే పద్ధతి తేలిక. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి, తొక్కేటప్పుడు ముంగాలు పెడితే మోకాలు కాస్త వంగాలి. మోకాలి ముందు నొప్పి వస్తే సీటు సాధారణంగా కిందికుంది. వెనక నొప్పి వస్తే పైకుంది. మరీ పైకుంటే నడుము అటూఇటూ ఊగి ఒరుపు మొదలవుతుంది. ప్యాడ్ ఉన్న సైకిల్ నిక్కరు కింద లోదుస్తులు వేయకూడదు, వాటి కుట్లే చర్మాన్ని కోస్తాయి. మెత్తగా ఉందని జెల్ సీటు కొనకండి. రెండు గంటలు హాయిగా ఉండి, ఆ తర్వాత అదే శత్రువవుతుంది.

టైరు 28 లేదా 32 మిల్లీమీటర్ల వెడల్పుది. 70 కిలోల మనిషికి 28 టైరులో ముందు 65, వెనక 75 పీఎస్ఐ గాలి చాలు. రోడ్డు అంచున లారీ టైర్లు పేలినచోట వెంట్రుకంత సన్నని ఉక్కు తీగలు రాలి ఉంటాయి. పంక్చర్లలో చాలావరకు వీటి పుణ్యమే. ట్యూబు మార్చేసి వెళ్లిపోతే పది కిలోమీటర్లలో మళ్లీ దిగుతుంది, ఎందుకంటే తీగ టైరులోనే ఉంటుంది. పాత నూలుగుడ్డతో టైరు లోపలివైపు చుట్టూ తుడవండి. గుడ్డ పీచు పట్టుకున్నచోట తీగ దొరుకుతుంది, దాన్ని చిన్న పట్టకారుతో లాగేయండి. వేలితో వెతికితే వేలే తెగుతుంది. కొత్త ట్యూబులో ముందు కొంచెం గాలి నింపి, అంచు కింద నలగలేదని రెండువైపులా చూశాకే పూర్తిగా కొట్టండి. రెండు ట్యూబులు, అతుకులు, చేతిపంపు, చైన్ లింకు దగ్గరుండాలి. సన్న వాల్వు ఉన్నవాళ్లు ఇత్తడి అడాప్టర్ మరిచిపోవద్దు. అది లేకపోతే పెట్రోలు బంకులో గాలి ఉండీ మీకు పనికిరాదు.

తిండి గంటకు 60 గ్రాముల పిండిపదార్థం లెక్కన, ప్రతి 20 నిమిషాలకు కొంచెం కొంచెంగా. మధ్యస్థపు అరటిపండులో సుమారు 25 గ్రాములుంటాయి, మిగతాది పల్లీపట్టీ, బెల్లం అటుకులు, ఇడ్లీలతో సర్దుకోండి. ఆకలేశాక తింటే ఆలస్యమైనట్టే. పూరీ, వడ నూనెకు కడుపులో కూర్చుండిపోతాయి. పలాసలో జీడిపప్పు కొనుక్కోండి గానీ తినకండి, కొవ్వెక్కువ. నీళ్లు గంటకు అర నుంచి ముప్పావు లీటరు. ఓఆర్ఎస్ పెద్ద పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి, అర లీటరులో కలిపితే దాహం పెరిగి వికారం వస్తుంది. ఉప్పు లేని ఉత్త నీళ్లు అదేపనిగా తాగినా ప్రమాదమే.

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి, సగటున 21 కిలోమీటర్ల వేగంతో, ఆగడానికి రెండున్నర గంటలు వేసుకుంటే రాత్రి ఏడుకు చేరతారు. డిసెంబరులో ఐదున్నరకే చీకటి. ముందు లైటు కనీసం ఆరు గంటలు వెలగాలి, వెనక ఎర్ర లైటు రెండు ఉండాలి, మెరిసే జాకెట్టు తప్పదు.

డబ్బు సొంత ఫోన్‌పేలోకి తీసుకోకండి, సంస్థ క్యూఆర్ కోడే పంచండి. మీ తిండి, రైలు ఖర్చులు జేబులోంచే. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను రాయితీ రాదని దాతలకు ముందే చెప్పండి. విదేశీ పౌరసత్వం తీసుకున్న బంధువులు ఇచ్చేదైతే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి ఉన్న సంస్థకే, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని దాని ఖాతాకే వెళ్లాలి.

తిరుగు ప్రయాణానికి లగేజీ వ్యాన్ ఉన్న రైలే చూసుకోండి. సైకిల్‌ను టికెట్టు చూపించి పార్శిల్ ఆఫీసులో ముందుగానే బుక్ చేయాలి. లైట్లు, సీసాలు, సంచి విప్పి చేతిలో పెట్టుకోండి. పేరు, దిగే స్టేషను రాసిన అట్టముక్కలు ఫ్రేముకొకటి, హ్యాండిల్‌కొకటి కట్టండి.